పదకొండు ఇళ్ళ కుక్కలు

మనుషులు ఎప్పుడో వదిలేసి పోయిన ఒక కొండవాలు పేటలో పశువులు కాపురం ఉండేవి. వాటిలో కొన్ని ఇళ్ళవాళ్ళు కుక్కల్ని పెంచుకునేవారు. గొర్రె ఎర్రమ్మ దగ్గర దూడంత కాపలా కుక్క ఉండేది. కోడిపెట్ట పుల్లమ్మది పొట్టి కుక్క. కోడిపిల్లలు దాని వీపెక్కి ఆడుకునేవి. గాడిద దాలయ్యది పళ్ళూడిన ముసలిది. అది పక్కన పడుకుంటే తప్ప దాలయ్యకు కన్ను మూతపడేది కాదు.

ఈ కుక్కల మూలంగా నక్క చిత్రయ్యకు పేటలో అడుగు పెట్టే దారి లేకుండా పోయింది. కోడి వాసన తగులుతుంది గానీ కోడి దక్కదు.

ఒకరోజు ఎర్రమ్మ కుక్క దారిన పోతున్న ఆవు గౌరమ్మ దూడను కరిచింది. చిత్రయ్యకు అదే చాలింది. పేటకు పెద్దయిన ఏనుగు దగ్గరికి పరుగెత్తాడు.

"పెద్దయ్యా, ఇవాళ కాలు, రేపు పీక! పేటలో ఎవరూ కుక్కను పెంచకూడదని చట్టం చెయ్యండి."

"సోమవారం సభ పెడతాను. అందరి మాటా విన్నాకే," అన్నాడు ఏనుగు.

అందరూ మాట్లాడితే తన పని చెడుతుంది. అందుకని చిత్రయ్య ఇల్లిల్లూ తిరిగాడు. నక్క వినయం తెలిసిందే గదా!

"చెల్లీ, పోయేవి పెద్ద కుక్కలు. నీ పొట్టిదాని జోలికి ఎవరొస్తారు? సభకు రాకుండా ఇంట్లో ఉండు, చాలు," అన్నాడు పుల్లమ్మతో.

"బావా, ఇది పళ్ళున్న కుక్కల సంగతి," అన్నాడు దాలయ్యతో.

ఎర్రమ్మతో గొంతు తగ్గించి, "అక్కా, కాపలా కుక్కల్ని ముట్టుకోరు. ముద్దుకు పెంచుకునేవే పోతాయి. నువ్వు నోరెత్తావో, కరిచింది నీ కుక్కేనని సభలో బయటికొస్తుంది," అన్నాడు.

ముగ్గురూ తమ కుక్క బతికిపోయిందని ఊపిరి పీల్చుకున్నారు.

ఎర్రమ్మ మాత్రం దూడ కాలికి పసరు కట్టడానికి రోజూ గౌరమ్మ ఇంటికి పోయొచ్చేది. అలా వస్తుంటే వాగు దగ్గర పుల్లమ్మ ఎదురైంది.

"పాపం వదినా, నీ కుక్కను పంపేస్తారటగా!"

"నాదా? పోయేది నీదన్నాడే చిత్రయ్య!"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పుల్లమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "నీది పోతుందని తెలిసీ హాయిగా నిద్రపోయాను వదినా."

"నేను మాత్రం మేలుకున్నానా ఏంటి? ఏడుపు తర్వాత. పద, కుక్కలున్న ఇళ్ళన్నీ తిరుగుదాం."

సాయంత్రానికి పదకొండు ఇళ్ళు తేలాయి. పదకొండింటికీ పదకొండు రకాల మాటలు చెప్పాడు చిత్రయ్య. అందరూ ఎద్దు భీమన్న కొట్టంలో చేరారు. అతనికి కుక్క లేదు గానీ పేటలో అతని మాటకు విలువుంది.

"కరిచింది నిజం. అది దాచిపెడితే మిమ్మల్ని ఎవరూ నమ్మరు," అన్నాడు భీమన్న. "ఈ చట్టం వద్దంటే సరిపోదు. ఏది కావాలో కూడా మీరే చెప్పాలి."

"దారిన పిల్లలు తిరిగే వేళ కుక్కల్ని కట్టేద్దాం," అంది ఎర్రమ్మ.

"నా ముసలిదాన్ని కట్టాలా?" దాలయ్య గుర్రుమన్నాడు.

"కరిచింది నాది బావా. ముందు నేనే కడతాను."

దాలయ్య సరేనని తలూపాడు.

సోమవారం సభలో పదకొండు ఇళ్ళవాళ్ళూ ముందు వరసలో కూర్చున్నారు. వాళ్ళను చూడగానే చిత్రయ్య తోక వాలిపోయింది.

ఎర్రమ్మ లేచింది. "చిత్రయ్యా, నీ చట్టంలో పొట్టి కుక్కలు పోతాయా?"

ఎదురుగా పుల్లమ్మ. "పోవు, పోవు," అన్నాడు.

"పళ్ళు లేనివి?" దాలయ్య అడిగాడు.

"అవీ పోవు."

"కాపలా కుక్కలు?"

"అవి కూడా..."

మిగతా ఇళ్ళవాళ్ళు ఒక్కొక్కరే లేవసాగారు. ఏనుగు తొండమెత్తి ఆపాడు. "మరి ఈ చట్టం ఏ కుక్క కోసం నాయనా?"

చిత్రయ్య తడబడ్డాడు. "అన్నీ పోవాల్సిందే!" అని నోరు జారాడు. సభంతా గొల్లున నవ్వింది.

ఏనుగు గౌరమ్మ వైపు తిరిగాడు. "దెబ్బ తగిలింది నీ బిడ్డకమ్మా. నువ్వు చెప్పు."

"భయం ఇంకా పోలేదు పెద్దయ్యా. కుక్కను తరిమెయ్యమని మాత్రం నేననలేదు, అసలు నన్నెవరూ అడగనే లేదు. ఎర్రమ్మ రోజూ వచ్చి పసరు కట్టింది. ఇకనుంచి కట్టేసుకుంటామంటోంది. నాకది చాలు."

పిల్లలు తిరిగే వేళ కుక్కను కట్టెయ్యాలని, కరిస్తే ఆ గాయం పెంచినవాళ్ళే మాన్పించాలని, ఏ ఇంటి కుక్కనూ వెళ్ళగొట్టకూడదని ఏనుగు చట్టం చేశాడు. చిత్రయ్య ఖాళీ కడుపుతో కొండ దారి పట్టాడు.

నీతి: పక్కింటి కుక్క కోసం నోరెత్తినవాడికే తన కుక్క మిగులుతుంది.