మూడో జోన్ కూత

నూకరాజు బాధల్లా ఒక్కటే. ఆరు నెలలు గడిచినా ఇశ్రాయేలు మాస్టారు సంతకం పెట్టడం లేదు.

కాకినాడ మెయిన్ రోడ్డు మీద ఆరంతస్తుల బిల్డింగ్ అది. కింద బట్టల కొట్లు, పైన ఆఫీసులు, మూడో అంతస్తులో ఎముకల డాక్టరు గారి నర్సింగ్ హోమ్. మెట్ల పక్కన చిన్న గదిలో గోడకి ఒక ఎర్ర రేకు పెట్టె బిగించి ఉంటుంది. అదే ఫైర్ అలారం ప్యానెల్. ఏ అంతస్తులో పొగ లేచినా సీలింగ్‌కి ఉన్న డిటెక్టర్లు పసిగట్టి ఈ పెట్టెకి కబురు పంపుతాయి. ఇక్కడ ఎర్ర లైటు వెలుగుతుంది, పైన హూటర్లు చెవులు చిల్లులు పడేలా కూస్తాయి. ఆ పెట్టె ముందు కూర్చునేవాడికి పని నేర్పడానికే మాస్టారిని పెట్టుకున్నారు. ముప్పయ్యేళ్ళు ఫైరింజన్ మీద తిరిగి రిటైరైన మనిషి. ఇతను ఒంటరిగా కూర్చోగలడని ఆయన పుస్తకంలో సంతకం పెడితేనే మేనేజరు నూకరాజుకి ఉద్యోగం ఖాయం చేస్తాడు.

పోనీ మనవాడికి పని రాదా అంటే, అబ్బో, ఎందుకు రాదు! హూటర్ ఒక్క కూత కూసేసరికి వేలు సైలెన్స్ బటన్ మీద ఉండేది. వెంటనే రీసెట్. ఎర్ర లైటు పోయి పచ్చ లైటు వచ్చేది. ఆ చేత్తోనే పుస్తకంలో 'మూడో జోన్. దుమ్ము. పర్వాలేదు' అని రాసేసేవాడు. అంతా కలిపి అర నిమిషం. కుర్చీలోంచి లేచే పనే లేదు.

నిజం చెప్పాలంటే అతని తప్పూ పెద్దగా లేదు. పాత బిల్డింగ్. డిటెక్టర్లో దుమ్ము చేరినా కూత, బల్లి దూరినా కూత, ఎవరైనా దాని కిందే సాంబ్రాణి వేసినా కూత. ఆరు నెలల్లో యాభై సార్లు కూస్తే యాభై సార్లూ ఉత్తిదే. పైగా నర్సింగ్ హోమ్‌లో సిస్టర్ కరుణమ్మ కనిపించినప్పుడల్లా మెచ్చుకునేది.

"కాళ్ళకి కట్లతో పడుకున్నవాళ్ళయ్యా వీళ్ళు. ఆ కూత వింటే గుండాగి పోతారు. నువ్వొచ్చాక ప్రాణం హాయిగా ఉంది నూకరాజూ" అనేది. ఇంకేముంది, మనవాడు ఆ పూటంతా నేల మీద నడిచేవాడు కాదు.

మాస్టారు మాత్రం సాయంత్రం పుస్తకం తిరగేసి ఒకే ప్రశ్న అడిగేవారు.

"దుమ్మని ఎలా తెలిసింది నాయనా?"

"ఎప్పుడూ దుమ్మేగదండీ."

"వెళ్ళి చూశావా?"

"చూడ్డానికేముందండీ, రీసెట్ కొడితే పోయిందిగా."

ఆయన పుస్తకం మూసి చేతికిచ్చేసేవారు. సంతకం పెట్టాల్సిన చోటు అలాగే ఖాళీగా ఉండేది.

ఆ ప్యానెల్ పాతకాలంది. అంతస్తుకొక జోన్. ఏ అంతస్తో చెబుతుంది గానీ ఏ గదో చెప్పదు. తెలుసుకోవాలంటే మనిషి మెట్లెక్కి గదిగదీ చూసి రావాల్సిందే. చూసొచ్చాకే రీసెట్ కొట్టాలని మాస్టారు మొదటిరోజే చెప్పారు. నూకరాజు ఆ మాట ఎర్ర సిరాతో నోట్సులో రాసుకున్నాడు కూడా. రాసుకోవడానికేం, బాగానే రాసుకున్నాడు.

ఒక బుధవారం పొద్దున్న ఇక ఉండబట్టలేక అడిగేశాడు.

"మాస్టారూ, నాలో లోపమేంటో చెప్పండి, దిద్దుకుంటాను. ఇలా నాన్చితే ఎలాగండీ? ఇంట్లో మా ఆవిడ రోజూ అడుగుతోంది, నువ్వు నేర్చుకునేది పెట్టెనా, విమానమా అని. హూటర్ని నా అంత తొందరగా ఆపేవాణ్ణి ఈ జిల్లాలో ఒక్కణ్ణి చూపించండి!"

మాస్టారు నవ్వారు. "లేడు నాయనా. ఆ మాట నిజం" అన్నారు. "భోజనం చేశాక చెబుతాను."

భోజనం అయింది. ఆయన చేతులు కడుక్కుని, తువ్వాలు తడిపి పిండి, భుజాన వేసుకున్నారు.

"నేను పైకెళ్ళొస్తా. ప్యానెల్ నీదే. నేను లేననుకో" అని వెళ్ళిపోయారు.

ప్యానెల్ నీదేనని ఆయన అనడం అదే మొదటిసారి. నూకరాజు ఛాతీ రెండంగుళాలు పెరిగింది. సంతకం గుమ్మం దాకా వచ్చేసిందనుకున్నాడు. కుర్చీ ముందుకి లాక్కుని దర్జాగా కూర్చున్నాడు.

రెండూ ఇరవైకి కూత మొదలైంది. మూడో జోన్.

సైలెన్స్. రీసెట్. పచ్చ లైటు. పుస్తకంలో 'దుమ్ము' అని రాశాడు. పెన్ను మూత పెట్టబోతుండగా మళ్ళీ కూత. మళ్ళీ మూడో జోనే.

"దీని దుంపతెగ, బల్లి దూరినట్టుంది" అనుకున్నాడు. సైలెన్స్. రీసెట్. ఈలోగా ఫోన్ మోగింది. అటు సిస్టర్ కరుణమ్మ.

"ఏంటయ్యా ఇవాళ ఈ గోల! పేషెంట్లు ఉలిక్కిపడి లేస్తున్నారు. ముందు ఆపు బాబూ, నీకు పుణ్యముంటుంది!"

"ఆపేశానండీ సిస్టర్, ఇంక కుయ్యదు, నాదీ పూచీ" అన్నాడు. పొగేమైనా కనిపిస్తోందా అని ఇతను అడగలేదు. చుట్టూ చూసి చెబుదామని ఆవిడకీ తోచలేదు.

ఫోన్ పెట్టాడో లేదో మూడోసారి కూసింది. నూకరాజుకి ఒళ్ళు మండింది. ప్యానెల్‌లో ఇంకో బటన్ ఉంది, ఐసొలేట్ అని. అది నొక్కితే ఆ అంతస్తులో ఏం జరిగినా పెట్టె పట్టించుకోదు, హూటర్లు కుయ్యవు. రిపేరు చేసేటప్పుడు తప్ప దాన్ని ముట్టుకోకూడదు. నొక్కేశాడు. మూడో జోన్ దగ్గర పసుపు లైటు వెలిగింది. బిల్డింగంతా నిశ్శబ్దం.

"ఇప్పుడు కూయవే చూద్దాం!" అన్నాడు పెట్టెతో. పుస్తకంలో 'మూడో జోన్. డిటెక్టర్లో బల్లి. ఐసొలేట్ చేశాను. రేపు చూడాలి' అని నీటుగా రాశాడు. మాస్టారు వచ్చి చూస్తే సంతోషిస్తారు కదా అని అక్షరాలు గుండ్రంగా కూడా రాశాడు, పాపం.

ఎదుటి కొట్టు నుంచి రెండు టీలు వచ్చాయి. తనది తాగేశాడు. మాస్టారు ఎంతకీ రారు. టీ చల్లారిపోతోంది. ఎలాగూ పెట్టె నోరెత్తడం లేదు కదా అని గ్లాసు పట్టుకుని పైకి బయల్దేరాడు. మొదటి అంతస్తులో అడిగాడు, రాలేదన్నారు. రెండో అంతస్తులోనూ లేరు. మూడో అంతస్తు మెట్ల మలుపు తిరిగేసరికి ముక్కుకి ఏదో కమురు వాసన తగిలింది.

నర్సింగ్ హోమ్ వార్డు దాటాక చివర ఒక ఖాళీ గది ఉంది. ఒకప్పుడు ఎక్స్‌రే మిషన్ ఉండేది అందులో. ఆ గది ముందు, ఊడ్చే సత్తెమ్మ రెండు బకెట్ల నీళ్ళు పక్కన పెట్టుకుని కూర్చుంది. కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది.

"ఏంటి సత్తెమ్మా, ఏమైంది?"

"ఇప్పుడా వచ్చేది!" అని లేచింది ఆవిడ. "పెద్దాయన లోపలున్నాడయ్యా! కొబ్బరి పీచు కాల్చుకుని కూర్చున్నాడు. డాక్టరు గారికి చెప్పే చేస్తున్నాను, నేను తలుపు కొడితే తప్ప నువ్వు కదలొద్దు, ఎవర్నీ పిలవొద్దు అని నా చేత ఒట్టేయించుకున్నాడు. కింద నుంచి నూకరాజొస్తాడు, వాడే తీస్తాడు తలుపు అన్నాడు. ఎంతకీ రావేం! నాకు కాళ్ళూ చేతులూ ఆడ్డం లేదు!"

నూకరాజు తలుపు తోశాడు. సగమే తెరుచుకుంది. లోపల ఏదో అడ్డం తగిలింది. ఆ సందులోంచి తెల్లటి పొగ ముఖాన కొట్టింది. కిందకి చూశాడు.

అడ్డం తగిలింది మాస్టారి భుజం.

టీ గ్లాసు చేతిలోంచి జారి బద్దలైంది. ఆయన నేల మీద బోర్లా పడి ఉన్నారు. తడి తువ్వాలు ముక్కుకి చుట్టుకుని ఉంది, మొహం తలుపు కింద సందుకి ఆనించి ఉంది. పోయారనే అనుకున్నాడు. నా చేతుల్తో నేనే చంపేశాననుకున్నాడు. "మాస్టారూ!" అని అరిచిన అరుపు అతని గొంతులాగే లేదు.

చంకల్లో చేతులేసి వరండాలోకి లాగాడు. సత్తెమ్మ బకెట్టెత్తి లోపలికి పరిగెత్తింది. గది మధ్యలో ఇనప బాండీలో తడిపిన కొబ్బరి పీచు రగులుతోంది. దాని మీద నీళ్ళు కుమ్మరించి కిటికీ బార్లా తెరిచింది. పొగ పల్చబడ్డాక సీలింగ్ కనిపించింది. అక్కడ డిటెక్టర్ మీద చిన్న ఎర్ర చుక్క వెలుగుతూ ఉంది. బల్లీ లేదు, దుమ్మూ లేదు. దాని పని అది శుభ్రంగా చేసుకుపోతోంది.

మాస్టారు దగ్గారు. దగ్గి దగ్గి లేచి గోడకి జేరబడ్డారు. కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి, నీళ్ళు ధారగా కారుతున్నాయి. అరవై ఏడేళ్ళ మనిషి. నూకరాజు ఆయన కాళ్ళ దగ్గర కూలబడ్డాడు.

"టైమెంతయింది?" అన్నారు మాస్టారు.

"రెండూ ముప్పై ఎనిమిదండీ."

"పద్దెనిమిది నిమిషాలు" అని ఊపిరి పీల్చుకున్నారు ఆయన. కోపంగా అనలేదు. అదే ఇంకా భయం వేసింది నూకరాజుకి. "మూడుసార్లు పిలిచాను నాయనా. మూడుసార్లూ నా నోరు మూయించావు."

నూకరాజుకి ఏడుపూ కోపమూ ఒక్కసారే తన్నుకొచ్చాయి. ఎవరి మీద కోపమో అతనికే తెలీదు.

"ఏమన్నా అయ్యుంటే ఎలాగండీ! నా బతుకేం గావాలండీ! తలుపు దగ్గరే ఉన్నారుగదా, గడియైనా వెయ్యలేదుగదా, నేను రానప్పుడు మీరైనా లేచి బయటికి రావచ్చుగదండీ!"

మాస్టారు వార్డు వైపు చూశారు. నూకరాజు కూడా అటు తిరిగాడు.

తలుపు తెరిచే ఉంది. పన్నెండు మంచాలు. కొందరి కాళ్ళు తాళ్ళతో పైకి కట్టి ఉన్నాయి, వాటికి బరువులు వేలాడుతున్నాయి. ఒకతనికి నడుం నుంచి మోకాళ్ళ దాకా సిమెంటు కట్టు. అందరూ ఇటే చూస్తున్నారు. వాళ్ళకీ ఈ గదికీ మధ్య ఉన్నది ఒక్క చెక్క గోడ. తలుపు పక్క మంచం మీది ముసలాయన మోచేతుల మీద లేవబోయి, లేవలేక మళ్ళీ వెనక్కి వాలాడు.

"ఏం బాబూ" అని అడిగాడు అక్కడి నుంచే, "పొగ వాసనొస్తోంది, ఏమన్నా అయిందా?"



"లేచి రాగలిగేవాళ్ళ కోసమైతే" అన్నారు మాస్టారు నెమ్మదిగా, "కింద నువ్వెందుకు నాయనా?"

నూకరాజు ఆయన ముఖంలోకి చూశాడు. తరవాత సీలింగ్ మీది ఎర్ర చుక్కని చూశాడు. కింద పెట్టెలో మూడో జోన్ పసుపు లైటు ఇంకా అలాగే వెలుగుతోందని అప్పుడు గుర్తొచ్చింది. ఒక్క ఉదుటున లేచి, ఇందాక లాగేటప్పుడు జారిపోయిన చెప్పులు కూడా వేసుకోకుండా, మెట్లు రెండేసి చొప్పున దిగిపోయాడు.