నీళ్ళు పడుకునే బయలు

అనగనగా ఒక అడవిలో, కొండ కింద, పల్లంగా ఒక గడ్డి బయలు ఉండేది. పిల్లజంతువులన్నీ అక్కడే దొర్లి ఆడుకునేవి. వానాకాలంలో కొండ మీది నీళ్ళు దూకుతూ వచ్చి, ఆ బయల్లో చతికిలబడి, మెల్లగా భూమిలోకి ఇంకిపోయేవి. అందుకే అంచున బొరియల్లో ఉండేవాళ్ళ కాళ్ళు తడిసేవి కావు.

ఆ బయలు మీద నూకరాజు అనే అడవిపంది కన్ను పడింది.

"మట్టి పోసి, మెరక చేసి, రాతి గుహలు కడతాను. గొప్పవాళ్ళు వచ్చి ఉంటారు. అడవికే అందం!" అన్నాడు అడవి పెద్దతో. అడవి పెద్ద ఒక ఎలుగుబంటి. నూకరాజు పంపిన తేనెపట్టు అప్పటికే ఆయన ఒళ్ళో ఉంది.

బయలు అంచునే పోలమ్మ బొరియ. పోలమ్మ ముళ్ళపంది, ఇద్దరు పసివాళ్ళ తల్లి. ఆమె మాటకూ ముళ్ళే. పొరుగున ఉండే కుందేలు చిట్టెమ్మనూ, ఉడుమునూ వెంటబెట్టుకుని ఎలుగు పెద్ద దగ్గరికి వెళ్ళింది. నడివేసవి. బయలు నెర్రెలిచ్చి ఉంది.

"అయ్యా, బయలు పూడిస్తే కొండనీళ్ళు ఎక్కడికి పోతాయి?" అని అడిగింది.

అక్కడే కూర్చున్న నూకరాజు పకపకా నవ్వాడు. "ఏవీ నీళ్ళు? ఒక్క చుక్క చూపించు!"

"వానాకాలందాకా ఆగు. ముక్కులోకి వచ్చేటన్ని చూపిస్తాను."

"ఊరికే ఖాళీగా పడి ఉంది కదమ్మా..." అని గొణిగాడు ఎలుగు పెద్ద.

"చాట ఖాళీగా ఉందని విరిచి పొయ్యిలో పెడతామా? అది నీళ్ళు పడుకునే చోటయ్యా!"

"సరే, కాలవ తీస్తాలే" అన్నాడు నూకరాజు.

"ఎటు?"

"అటు."

"అటు ఉన్నవి మా బొరియలు! మా పిల్లల నెత్తి మీదికి తీస్తావా కాలవ?"

నూకరాజు గొంతు తియ్యగా చేశాడు. "కోపమెందుకక్కా? మనం మనం ఒకటి. నీ పేరులోనూ పంది ఉంది కదా!"

"పేరులోనే ఉంది. బుద్ధిలో లేదు."

ఎలుగు పెద్ద దగ్గి, "ఇంకెవరికైనా అభ్యంతరమా?" అన్నాడు.

మెరక మీద ఒక గది ఇస్తానని నూకరాజు అప్పటికే చిట్టెమ్మ చెవిలో ఊదాడు. చిట్టెమ్మ నేలచూపులు చూసింది. "నాకేంలే, ఏ చెట్టయినా ఎక్కేస్తా" అని ఉడుము జారుకున్నాడు. పోలమ్మ ఒక్కతే మిగిలింది.

"ఒక్కదాని కోసం ఇంత పని ఆపుతామా? కానివ్వండి" అన్నాడు ఎలుగు పెద్ద.

విన్నారా పిల్లలూ? నీళ్ళ తగువును మండుటెండలో కూర్చుని తేల్చేశారు! సిగ్గుండాలి!

బయలు పూడింది. వాన వచ్చింది. కొండనీళ్ళు ఎప్పటిలాగే దూకుతూ వచ్చాయి, పడుకోవడానికి చోటు దొరకలేదు. కొత్త మెరకను గుద్దుకుని, పక్కకు తిరిగి, బొరియల్లో దూరాయి. పోలమ్మ ఒక పిల్లను నోట కరుచుకుని, ఇంకో పిల్లను ముందుకు తోసుకుంటూ బండ ఎక్కింది. తిరిగి చూస్తే బొరియ లేదు. చిట్టెమ్మ తన పిల్లలతో మెరక మీదికి పరుగెత్తింది. "గదా? ఏ గది?" అని నూకరాజు ఆమెను కిందికి తోసేశాడు.

ఎలుగు పెద్ద వచ్చి చూసి, "అయ్యయ్యో, ఇలా అవుతుందని ఎవరనుకున్నారు!" అన్నాడు.

పోలమ్మ ముళ్ళన్నీ నిక్కబొడుచుకున్నాయి.

"నేననుకున్నాను! నీ మొహం మీదే చెప్పాను. తేనె నోట్లోనే పోసుకున్నావా, చెవుల్లో కూడా పోసుకున్నావా?"

ఆ మాటతో చిట్టెమ్మ కదిలింది. తడిసిన జంతువులన్నీ కదిలాయి. నూకరాజు తప్పుకోబోతే దారికడ్డంగా నిలబడ్డాయి.

"ఈ మట్టి పోసింది నువ్వు. నువ్వే తియ్యి" అంది చిట్టెమ్మ.

"సరేనన్నది నువ్వు. నువ్వూ దిగు" అంది పోలమ్మ, పెద్దను చూసి.

ముందు నూకరాజు కోరతో, వెనక ఎలుగు పెద్ద గోళ్ళతో తవ్వారు. కాసేపటికి పెద్దాయన నడుము పట్టుకుని, "తల్లీ, అలిసిపోయాను. ఇక చాలు కదా?" అన్నాడు.

పోలమ్మ బండ మీద వణుకుతున్న పిల్లల వైపు చూపించింది.

"వాళ్ళింకా తడుస్తున్నారు. తవ్వు."

నీతి: నీళ్ళ చోటు లాక్కున్నవాడు పొరుగువాళ్ళ పిల్లలను ముంచుతాడు. చూస్తూ నోరు మూసుకున్నవాడు వాడికి మట్టి మోసినట్టే.