ఏడో తాళం

పిల్లలూ, ఈ కథ మీరు వినలేదు. మనముండే చోట దీన్ని చెప్పేవాళ్లు లేరు. నేనూ రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూ ఇన్నాళ్లు గడిపేశాను. నాకు తెలిసినంతే చెబుతాను. తెలియని చోట తెలియదంటాను.

వంశధార ఒడ్డున ఒక చిన్న మఠం ఉండేది. అక్కడి పెద్దస్వామి నలభై ఏళ్ల పాటు చుట్టుపక్కల ఊళ్ల వాళ్ల కష్టాలు విని, జవాబులు చెప్పి చెప్పి, చివరికి గొంతు పోగొట్టుకున్నారు. పది మాటలు మాట్లాడితే పదకొండోది దగ్గు అయ్యేది.

శిష్యుడు వాగీశుడికి అదే దిగులు. మఠానికి రాకముందు అతను విశాఖపట్నంలో కంప్యూటర్ల పని చేసినవాడు. స్వామి మాటలు రాసిపెట్టిన నోటుపుస్తకాలన్నీ కంప్యూటర్లోకి ఎక్కించాడు. బయట ఒక కంపెనీ నడిపే మాట్లాడే యంత్రానికి వాటిని అప్పగించి, తొమ్మిది ఊళ్లలో తొమ్మిది ఫోన్లు పెట్టించాడు. ఎవరైనా ఫోనెత్తి తమ బాధ అడిగితే, యంత్రం స్వామి మాటల్లోంచి తగినది వెతికి వినిపిస్తుంది. ప్రశ్నకింత అని కంపెనీకి కట్టాలి. ఏ ఊరు ఎంత వాడిందో విడిగా తెలియడానికి ఒక్కో ఊరికి ఒక్కో రహస్య అంకె, అంటే కీ, ఉండేది. మఠంలో వాటిని తాళాలు అనేవాళ్లు. మొదటి తాళం, రెండో తాళం, అలా తొమ్మిది.

ఆ వివరమంతా కంపెనీ ఇచ్చిన ఖాతా పేజీలో కనబడేది. డాష్‌బోర్డ్ అంటారు దాన్ని. ఏ తాళం ఎన్నిసార్లు వాడారు, ఎంత ఖర్చయింది, నెల హద్దులో ఇంకెంత మిగిలింది, అన్నీ నిలువు గీతలుగా ఉంటాయి. హద్దు దాటితే తొమ్మిది ఫోన్లూ ఒక్కసారే మూగబోతాయి. ఆ డబ్బు ఊళ్ల వాళ్లు తలా కాస్త ఇచ్చింది, మళ్లీ అడగడానికి లేదు. అందుకని వాగీశుడు జపమాల పక్కన పెట్టి ఆ పేజీ చూస్తూ కూర్చునేవాడు.

ఆ ఫాల్గుణంలో ఏడో తాళం గీత మిగతా ఎనిమిదింటినీ మించి లేచింది. అది ఉప్పుమళ్ల మధ్య ఉండే కల్లేపాలెం ఊరిది. రోజుకు నలభై ప్రశ్నలు, యాభై ప్రశ్నలు. మధ్యాహ్నం మొదలై పొద్దు వాలేదాకా. పదిహేనో తారీఖుకే హద్దులో నూటికి ఎనభై వంతులు అయిపోయిందని కంపెనీ నుంచి హెచ్చరిక వచ్చింది.

తాళం ఎవరో ఆకతాయి చేతికి చిక్కిందనుకున్నాడు వాగీశుడు. పేజీలో ఒక మీట నొక్కి ఏడో తాళాన్ని ఆపేశాడు. మూడో రోజుకు కూడా ఆ గీత పెరగకుండా ఉన్నచోటే బుద్ధిగా కూర్చుంది. ఆ పేజీని కాగితం మీద అచ్చు తీసుకుని, భోజనాల వేళ స్వామి దగ్గరికి వెళ్లాడు.

"గండం గడిచింది స్వామీ. ఈ నెల హద్దు దాటం."

స్వామి కాగితాన్ని చాలాసేపు చూశారు. పొడుగు గీత మీద వేలు పెట్టారు.

"ఇది ఎవరు?"

"ఏడో తాళం స్వామీ. ఆపేశాను."

"ఎవరు?"

"కల్లేపాలెం ఫోను."

"ఏం అడిగారు?"

"అది ఇందులో ఉండదు స్వామీ. ప్రశ్నలు రాసిపెట్టుకోవద్దని మీరే అన్నారు కదా. ఎన్నిసార్లు, ఎంత ఖర్చు, అంతే ఉంటుంది."

స్వామి దగ్గారు. లేచి, కర్ర పట్టుకుని భోజనశాల వైపు నడిచారు. వాగీశుడు వెనకే వెళ్లాడు.

పంక్తి అప్పుడే లేచింది. వరసల్లో ఎక్కడి ఆకులు అక్కడే ఉన్నాయి. రేపటికి ఎన్ని బియ్యం పొయ్యాలో తెలియడానికి, తీసే ముందు ఆకులు లెక్కపెట్టడం వంటమనిషి గవరమ్మ పని.

"గవరమ్మా, ఈ పూట లెక్క వీడు పెడతాడు."

"చిన్నసామా?" గవరమ్మ నవ్వింది. "కంప్యూటరు నేకుండా ఈ బాబుకి లెక్కలొస్తాయా సామీ?"

వాగీశుడికి రోషం వచ్చింది. పంచె ఎగగట్టి వరస వరసా తిరిగాడు. తప్పు పోకూడదని రెండోసారీ తిరిగాడు.

"నూట నలభై రెండు."

"సరిపోనాది," అంది గవరమ్మ.

"ఇంకేం చూశావు?" అన్నారు స్వామి.

"ఇంకేముంది స్వామీ? ఆకులే."

స్వామి మెల్లగా మూడో వరస చివరికి వెళ్లి, మూలనున్న ఆకు దగ్గర కర్ర ఆనించి నిలబడ్డారు.

పిల్లలూ, మీరు కంచాల్లో తిని పెరిగినవాళ్లు కనుక ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఆకులో తిన్నాక ఎదుటి అంచు పట్టుకుని మనవైపు మడుస్తాం. చావు జరిగిన ఇంట్లో, దినాల భోజనంలో మాత్రం, మన ముందరి అంచు పట్టుకుని అవతలికి మడుస్తాం. ఆ మూల ఆకు అవతలికి మడిచి ఉంది.

వాగీశుడు దాని ముందునుంచి రెండుసార్లు నడిచాడు.

"అదా బాబూ," గవరమ్మ గొంతు తగ్గించింది. "ఆ ఆకు కాడ తిన్నాయన తమ్ముడి దినాలు మొన్ననే అయినాయట. అన్నాళ్లూ అలాగ మడిసి మడిసి సెయ్యి అలవాటు పడిపోనాది. మడిసేసినాక సూసుకుని సిగ్గుపడిపోనాడు, పాపం."

"నీకెలా తెలుసు?"

"ఒడ్డించినోళ్లం ఆకు సూడమేటి? మజ్జిగ పోసి కాసేపు అక్కడే నిలబడ్డాను."

స్వామి కాగితాన్ని వాగీశుడి చేతిలో పెట్టారు.

"ఏడో ఆకు ఎటు మడిచి ఉంది?"

వాగీశుడు ఆ పూట భోజనం చేయలేదు. ఒంటిగంట బస్సుకు కల్లేపాలెం వెళ్లాడు.

ఆ ఊళ్లో ఎటు చూసినా తెల్లటి ఉప్పు గుట్టలు, ఉప్పుగాలి. ఫోను పంచాయతీ అరుగు మీద గోడకు ఉంది. దాని కింద ఒక మనిషి గోడకు చేరబడి కూర్చున్నాడు. కాళ్లు మోకాళ్ల దాకా ఉప్పునీళ్లకు పగిలి ఉన్నాయి. ఎదురింటి ఆవిడ చెప్పింది, అతని పేరు దాలయ్య, నెలన్నర కిందట పెళ్లాం పోయింది, మూడు రోజులుగా ఫోను పలకడం లేదని అక్కడే కూర్చుంటున్నాడు, అన్నానికి పిలిస్తే రాడు అని.

కావి బట్ట చూసి దాలయ్య లేవబోయాడు.

"ఫోను బాగు సెయ్యడానికి మఠం నుంచి వొచ్చావా సామీ? దాని తప్పేటీ నేదు. నేనే ఎక్కువ వాడేసి పాడుసేసినట్టున్నాను."

వాగీశుడు పక్కన కూర్చున్నాడు. "ఏం అడిగేవాడివి?"

"ఆ పూట నేను ఇంటికాడుంటే మా ఆడది బతికేదేనా అని. గుండెల్లో నొప్పని కేకేసిందట. నేను మడి కాడ మోటారు ఏసుకున్నాను. మోతలో ఇనపడనేదు."

"రోజూ అదేనా?"

"పెద్దసామి మాట సెప్పి, ఆఖర్న 'ఇంకేమైనా అడగండి' అంటాది గదా. నాకు ఇంకేటున్నాది? అదే అడిగేవోణ్ణి. అంత మర్యాదగా అడగమన్నాక పెట్టెయ్యడం బాగోదు గదా సామీ."

ఆ చివరి మాట స్వామిది కాదు. వినడానికి బావుంటుందని వాగీశుడు చేర్చింది.

అతను తన ఫోనులో పేజీ తెరిచి ఆపేసిన ఏడో తాళాన్ని మళ్లీ తెరిచాడు. "బాగయింది. మాట్లాడొచ్చు," అన్నాడు.

దాలయ్య ఫోను వైపు చూశాడు గానీ ఎత్తలేదు. వాగీశుడి వైపు తిరిగాడు.

"నువ్వు సెప్పు సామీ. నేనుంటే బతికేదేనా?"

చావు గురించి పెద్దస్వామి చెప్పిన మాటలు వాగీశుడికి కంఠతా వచ్చు. వాటిని యంత్రంలోకి ఎక్కించింది అతనే. అన్నీ నాలుక చివరిదాకా వచ్చాయి.

"తెలీదు దాలయ్యా."

దాలయ్య తలూపాడు. కాసేపు ఉప్పుమళ్ల వైపు చూసి, మళ్లీ అడిగాడు. వాగీశుడు మళ్లీ తెలీదన్నాడు. ఉప్పు గుట్టల మీద ఎండ ఎర్రబడి, ఆఖరి బస్సు హారను వినబడేదాకా అలాగే సాగింది.

మఠానికి వచ్చేసరికి స్వామి వసారాలో కూర్చుని ఉన్నారు.

"తాళం తెరిచాను స్వామీ," అన్నాడు వాగీశుడు. "మళ్లీ అలాగే వాడితే నెలాఖరు లోపే తొమ్మిది ఫోన్లూ ఆగిపోతాయి."

"వాడాడా?"

"లేదు. నన్నే అడిగాడు. పొద్దు పోయేదాకా."

"ఏం చెప్పావు?"

"తెలీదన్నాను స్వామీ."

స్వామి దగ్గు వస్తే ఆపుకున్నారు.

"రేపు కూడా వెళ్లు," అన్నారు.

కథ అంతే, పిల్లలూ. దాలయ్య ఏమయ్యాడో నాకు తెలియదు. ఆ ఫోన్లు ఎన్నాళ్లు నడిచాయో కూడా తెలియదు. ఎప్పుడైనా మీ దగ్గర కూర్చుని వినే మనిషి ఉంటే దీన్ని వాళ్లకు చెప్పండి. స్వామి మాట దగ్గర ఆగిపోండి. నేను ఇప్పటికే కాస్త ఎక్కువ చెప్పాను.