మఠం బావి పూడిక

నాగలింగస్వామిని ఎవరైనా ఏదైనా అడిగితే, జవాబుకు బదులు పని చెప్పేవారు. ఆ మఠానికి వచ్చేవాళ్లంతా ఒళ్లు వంచి బతికే రైతులు, కూలీలు. విన్న మాట మరిచిపోయినా చేసిన పనిని మరువరని ఆయన నమ్మకం.

ఒకనాడు అందరూ వెళ్లేదాకా కూర్చుని, వన్నూరప్ప నెమ్మదిగా అడిగాడు. "మగవాడికి భయం ఉండచ్చునా స్వామీ?"

అడిగినవాడు సామాన్యుడు కాదు. చుట్టుపట్ల ఊళ్లలో వన్నూరప్ప జట్టు తవ్వని బావి లేదు. గడ్డపార తగిలిన చప్పుడును బట్టి కింద రాయి ఉందో నీళ్లున్నాయో చెప్పగలడు. ఏడాది కిందట అన్న సుంకన్న మీద బావి గోడ విరిగి పడితే, మట్టినంతా చేతులతో తోడి, శవాన్ని భుజాన వేసుకుని పైకి తెచ్చాడు. కంట తడి పెట్టలేదు. కర్మ అయిన మర్నాడే పనికి పోయాడు. మగాడంటే వన్నూరప్పేనని ఊరంతా చెప్పుకుంది. ఆ మాట విన్నప్పుడల్లా అతని చెయ్యి మీసం మీదికి పోయేది. ఆ పూట మాత్రం కంచంలో అన్నం వదిలేసి లేచేవాడు.

స్వామి, "మఠం బావి పూడిపోయింది. ఎల్లుండి మీ జట్టుతో రా. మొదట దిగేది నువ్వే," అన్నారు.

చెప్పిన రోజుకు జట్టు వచ్చింది. స్వామి వచ్చి గట్టు పక్కన నిలబడ్డారు. మోకు పట్టిన ఆరుగురిలో చనిపోయిన సుంకన్న కొడుకు హనుమేషు కూడా ఉన్నాడు, ఇరవై ఆరేళ్లవాడు. వన్నూరప్ప నడుముకు మోకు కట్టుకుని దిగాడు. ముప్పై అడుగులు దిగేసరికి తడిమట్టి వాసన ముక్కుకు తగిలింది. అన్నను తవ్వి తీసిననాటి వాసన. మోకాళ్లు బిగుసుకుపోయాయి. ఏడాదిగా ప్రతి బావిలోనూ ఇదే వరస, పళ్లు బిగబట్టి పని కానిస్తూ వచ్చాడు. ఈసారి చేతులు గోడరాళ్లను వదల్లేదు. మోకు నలిగిందనో, రాయి కదిలిందనో కేకేస్తే చాలు, ఎవరూ అనుమానించరు. ఆ అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. అన్న ముఖం గుర్తుకొచ్చి ఆగిపోయింది.

"నాకు భయమైతాంది. పైకి లాగండి," అన్నాడు.

మోకు బిగిసింది.

గట్టు మీద కూర్చుని, ఎవరి ముఖమూ చూడకుండా చెప్పాడు. "ఆ పొద్దు మా యన్న గోడ చూసి ఆగినాడు. పగులుంది, రేపు దిగుదాంలేరా అన్నాడు. నేను నవ్వి, గాజులు తెచ్చియ్యాల్నా అంటి. ఇంగ ఒక్క మాట మాట్లాడకుండా దిగిపాయ."

చెప్పడం అయ్యాక ఏడ్చాడు. తలగుడ్డ ముఖానికి అడ్డం పెట్టుకోలేదు. ఏడాది నుంచి ఆగిన ఏడుపంతా జట్టు ముందరే ఏడ్చాడు.

అందరూ హనుమేషు వైపు చూశారు. అతను వచ్చి చిన్నాయన ఎదుట కూర్చున్నాడు.

"మా నాయనకు భయమాయనా?"

"ఆయ. చేతులు వణికినాయి. నేను చూసినా."

హనుమేషు బావిలోకి చూస్తూ, "ఆ మాట నువ్వు అనకుండా ఉండాల్సింది చిన్నాయనా. నేను మర్చిపోలేను," అన్నాడు. తర్వాత, "నేను బావుల్లో దిగబట్టి ఏడేండ్లాయ. దిగినప్పుడల్లా నాకు భయమే. సుంకన్న కడుపున ఇట్లాంటోడు ఎట్ల పుట్టినాడా అని నాలో నేనే సిగ్గుపడతాంటి. మా నాయనకూ ఉండిందన్న మాట," అన్నాడు.

అలా అంటున్నప్పుడు అతని ముఖం తేటపడింది. లేచి మోకును తన నడుముకు బిగించుకున్నాడు. రెండో కొస తెచ్చి చిన్నాయన చేతిలో పెట్టాడు.

"నువ్వు పట్టుకో. లాగమంటే లాగు. ఎందుకని అడగొద్దు."

ఆ రోజు అతన్ని నాలుగుసార్లు పైకి లాగారు. ఎందుకని ఎవరూ అడగలేదు. మర్నాటికి తక్కినవాళ్లూ లాగమనడం నేర్చుకున్నారు. మూడోనాడు వన్నూరప్పే అడుగుదాకా దిగాడు. భయం పోలేదు. రాతి సందులోంచి ఊట చల్లగా పాదాలకు తగిలినప్పుడు తల పైకెత్తి చూశాడు. గుండ్రటి వెలుగులో ఆరు తలలు, అతని మాట కోసం వంగి ఉన్నాయి. ముప్పై ఏళ్లుగా ఎన్నో బావులు తవ్వాడు గానీ తన జట్టును చూసుకుని అంత గర్వం అతనికి ఎన్నడూ కలగలేదు.

నీళ్లు పడ్డాయని తెలిసి సర్పంచి చూడటానికి వచ్చాడు. లోపలికి తొంగిచూసి, "ఇంత పాత బావిలో దిగాలంటే గుండె కావాల. వీళ్లలో అసలైన మగోడు ఎవరు స్వామీ?" అన్నాడు.

స్వామి తొలి చెంబు నీళ్లు వన్నూరప్ప చేతికి ఇస్తూ, "మొదటిరోజే పైకి లాగమన్నాడే, ఈయన," అన్నారు.