చారలమ్మ గంపలో వేరుశనక్కాయలు

చేలగట్టు మీద తుమ్మచెట్టు కింద ఉడత చారలమ్మ ఓ వైద్యశాల నడిపేది. మందూ లేదు, మాకూ లేదు. బంకమట్టి, గడ్డిపోచలు, గంపెడు వేరుశనక్కాయలు, అంతే. వాటితోనే పనిచెయ్యని చేతులకి పని నేర్పేది. పట్నంలో దీన్నే ఆక్యుపేషనల్ థెరపీ అంటారట. ఈవిడ మాత్రం ఆట అనేది.

కోతిపిల్ల జాజులుకి పుట్టుకతోనే ఎడమచెయ్యి బిగుసుకుని ఉండేది. కాయ ఒలవాలంటే రెండు చేతులూ కావాలి కదా, అందుకని అమ్మ కొండమ్మే ఒలిచి నోట్లో పెట్టేది. తోటిపిల్లలు "పాలబువ్వ పాపాయి" అని ఏడిపించేవాళ్లు. ఒక్కటంటే ఒక్క కాయ తనంతట తాను ఒలుచుకు తినాలని ఆ పిల్ల కోరిక. తీరా చారలమ్మ ముందు కూర్చోబెడితే, సిగ్గుతో ఆ చేతిని ఒళ్లో దాచేసుకునేది.

"నెలైంది వదినా, ఈ మట్టి పిసికించడమేనా? ఏదైనా పసరు పొయ్యకూడదూ?" అంది కొండమ్మ.

"పసరు నువ్వు తాగు, కాస్త ఓపికొస్తుంది," అంది చారలమ్మ.

ఇదంతా పొదచాటున నక్క గవర్రాజు చూస్తున్నాడు. చెయ్యి వంకర పెట్టుకుంటే చాలు, కూర్చోబెట్టి కాయలు పెడతారనుకున్నాడు. వెంటనే ముందుకాలు మడుచుకుని కుంటుతూ వచ్చాడు.

"చచ్చుబడిపోయిందమ్మా. నాకూ ఆ వైద్యమే చెయ్యి."

వచ్చేటప్పుడు మడిచింది ఎడమకాలు, కూర్చున్నాక కుడికాలు. చారలమ్మ అది కనిపెట్టేసింది.

"అయ్యో, బాగా ముదిరిపోయింది బావా. ముందు వంద మట్టిముద్దలు చెయ్యి. తరవాత ఆ కాలితో ఎన్ని కాయలు ఒలిస్తే అన్నీ నీవే. పళ్లు మాత్రం పెట్టకూడదు."

మధ్యాహ్నానికి గవర్రాజుకి చెవులదాకా మట్టి. కాయ మీద పంజా వేస్తే అది ఎగిరి ముక్కుకి తగిలింది. మళ్లీ వేశాడు, ఈసారి కంట్లో పడింది. జాజులుకి నవ్వాగలేదు.

"అలా కాదు మామా. ఒక చేత్తో పట్టుకుని, రెండోచేతి బొటనవేలితో ఇలా నొక్కాలి."

కాయ టప్పున విచ్చుకుంది. పట్టుకున్నది ఎడమచెయ్యి. కొండమ్మకి కళ్లనీళ్లు ఆగలేదు. జాజులు తన చేతివంక చూసుకుని, "అమ్మా, నేనే," అంది.

లోపల రెండు గింజలు. ఒకటి జాజులు నోట్లో వేసుకునేలోపు రెండోది గవర్రాజు లటుక్కున లాక్కున్నాడు, ఆ చచ్చుబడిన కాలితోనే.

చారలమ్మ గంప మీద మూత పెట్టేసింది. "నీకూ నయమైపోయింది బావా. నయమైనవాళ్లకి కాయలు లేవు. లే, ఆ ముద్దలన్నీ ఎండలో ఆరబెట్టి వెళ్లు."

పిల్ల చేతికి పని అలవాటు కావాలంటే, అది పనని ఆ చేతికి తెలియనివ్వకూడదు.