ధర చీటీ ఊడని గ్లాసు

దస్తగిరి దర్గా మెట్ల మీద కూర్చుని, స్టీలు గ్లాసుకున్న ధర చీటీని గోటితో గీకుతున్నాడు. పొద్దున్నుంచీ ఇదే పని. ఒక మూల లేచినట్టే లేచి అడ్డంగా చిరిగింది. మిగతాది గ్లాసును కరుచుకుని ఉండిపోయింది. తడిగుడ్డతో రుద్దితే కాగితం నూగులా లేచింది గానీ కింది జిగురు కదల్లేదు. పైగా దుమ్ము పట్టి నల్లబడింది. పరుపులు కుట్టే చేతులు అతనివి. దూదిలో పడిపోయిన సూదినైనా వెతికి పట్టుకుంటాడు. ఈ కాస్త కాగితం మాత్రం అతని మాట వినలేదు.

గ్లాసును దర్గాకి ఇవ్వాలని అతని ఆలోచన. నీళ్ల కుండ పక్కన పెడితే వచ్చినవాళ్లు తాగుతారు. కానీ ధర కనపడేలా ఇస్తే అది ఇచ్చినట్టా, చాటుకున్నట్టా? అందుకే ఈ తిప్పలు.

అసలు కోరిక వేరే ఉంది. గ్లాసుతో పాటు తానూ ఇక్కడే ఉండిపోవాలి. భార్య పీరమ్మ పోయాక ఇల్లు ఇల్లులా లేదు. ఇంటిని చూసి ఇల్లాలిని చూడమంటారు. ఇల్లాలే లేని ఇంటిని చూడ్డానికి ఎవరొస్తారు? పని ఉన్నంతసేపూ బాగానే ఉంటుంది. సాయంత్రం తలుపు తీస్తే లోపల్నుంచి "వచ్చినావా?" అనే గొంతు వినపడదు. అక్కడే ప్రాణం ఉసూరుమంటుంది. తిన్నావా అని అడిగే దిక్కు లేక వండుకోవడమే మానేశాడు. ఒక గిన్నె, ఒక చెంబు, ఈ గ్లాసు ఉంచుకుని సామానంతా ఇరుగుపొరుగుకి పంచేశాడు.

దర్గాను కనిపెట్టుకుని ఉండే మౌలాలి తాత అతనికి గురువు. చాలా పెద్దవాడు. ఎవరింటికీ వెళ్లడని ఊళ్లో పేరు. ఆయన చీపురు పక్కన పెట్టి వచ్చి మెట్టు మీద కూర్చున్నాడు.

"ఏం చేస్తాండావప్పా?"

"చీటీ ఊడదీస్తాండా తాతా. కత్తుంటే ఇయ్యండి."

తాత కత్తి ఇవ్వలేదు. గ్లాసు తీసుకుని తిప్పి చూశాడు. "కొత్తది మాదిరుండాదే."

"పీరమ్మ ఉరుసులో కొనింది. ఆరు గ్లాసులు. అన్నీ వాడినాం గానీ దీన్ని మాత్రం నన్ను ముట్టనీలే."

"ఎందుకంట?"

దస్తగిరి తల వంచుకున్నాడు. "మీ కోసరం తాతా. ఎప్పుడన్నా మీరు మా ఇంటికొస్తే దీంట్లో టీ ఇయ్యాలని. చీటీ తీస్తే పాతదైపోతాదని, అదీ తీయనీలే."

"మరి పిలవలేదేం?"

"మీరు యాడికీ రారంట గదా."

తాత గ్లాసును అతని చేతికి తిరిగిచ్చాడు.

"పిలిస్తే గదప్పా రాకపోయేది," అన్నాడు. "ఇన్నేండ్లలో ఎవురూ పిలవకపాయిరి."

దస్తగిరి దాచుకున్న మాట ఆగకుండా బయటికొచ్చేసింది. "నేను ఈడనే ఉండిపోతా తాతా. ఆ ఇంట్లో ఉండేది నాతో కాదు."

తాత లేచి చెప్పుల్లో కాళ్లు పెట్టాడు.

"పద. మీ ఇంట్లో టీ తాగుదాం."

ఆయన వీధిలోకి రాగానే అరుగుల మీది వాళ్లంతా లేచి నిలబడ్డారు. లోపలికి రమ్మని మాత్రం ఎవరూ అనలేదు. గౌరవం మరి!

ఇంట్లో పాలు లేవు. డబ్బా అడుగున కాస్త టీ పొడి, చీమలు వదిలిపెట్టిన బెల్లం ముక్క ఉన్నాయి. సిగ్గుతో చచ్చిపోతూ దస్తగిరి నల్లటీ కాచాడు. కొత్త గ్లాసులో తాతకి పోసి, తాను చెంబులో పోసుకున్నాడు.

గ్లాసు చుర్రుమంటోంది. తాత చీటీ మీద బొటనవేలు ఆనించి పట్టుకున్నాడు. వేలు కాలని చోటు అదొక్కటే. ఊదుకుంటూ ఒక గుక్క తాగాడు.

"ఆయమ్మ ఎట్ల పెడ్తాండె?"

"అల్లం దంచి ఏస్తాండె తాతా..." అని మొదలుపెట్టాడు దస్తగిరి. అల్లం దగ్గర మొదలైన మాట ఆమె కోపాల మీదికి, పాటల మీదికి, ఆఖరి జ్వరం మీదికి పోయింది. ఆమె పోయాక ఆమె గురించి అతను ఇంతగా నోరు విప్పడం అదే మొదలు. వినేవాళ్లు లేక ఇన్నాళ్లూ అంతా లోపలే ఉండిపోయింది.

మాటా, టీ అయిపోయేసరికి తాత వేలి కింద చీటీ జరిగింది. అది ఆయన వేలికే అంటుకుని వచ్చేసింది. గ్లాసు మీద జిగురు మరక మిగిలింది.

తాత గూటి వైపు చూశాడు. పీరమ్మ తలకి రాసుకునే కొబ్బరినూనె సీసా అందులో ఉంది. దాన్ని దస్తగిరి ఎవరికీ ఇవ్వలేకపోయాడు, తానూ ముట్టలేకపోయాడు. తాత అరచెయ్యి చాపాడు. కాసేపు చాపే ఉంచాడు.

దస్తగిరి లేచి సీసా మూత తీశాడు. ఇల్లంతా ఆమె వాసన వచ్చింది. ఆ అరచేతిలో రెండు చుక్కలు వంచి, గోడకి ఆనుకుని బావురుమన్నాడు.

తాత ఓదార్చలేదు. నూనెను మరక మీద రాస్తూ కూర్చున్నాడు. ఏడుపు నెమ్మదించే వేళకి జిగురు ఉండలు కట్టి రాలింది. తువ్వాలు కొసతో తుడిచి గ్లాసును అతని చేతిలో పెట్టాడు.

"దర్గాకి తెచ్చేదా తాతా?"

తాత గడప దాటి, చెప్పులు తొడుక్కుని, వెనక్కి తిరిగాడు.

"రేపు పాలు పోయించుకోప్పా. అల్లం మర్సిపోవాకు."