పులి వెతికే చెక్క

ఒకప్పుడు పులి గోరు చెట్టు మీద పడేది కాదు. గోళ్లతో వేటాడేది, నాక్కుని శుభ్రం చేసుకునేది. అంతే.

కాకపోతే దానికి ఒకటే బాధ. అడవి మాంసం తాడులా ఉండేది. నమిలీ నమిలీ దవడలు పీకేవి.

ఆ అడవి అంచున పైడమ్మ అని గానుగ ఆడించే ఆమె ఉండేది. గానుగ తిప్పే దున్నపోతు పేరు గుమ్మడు. వేరుశనగలు ఆడించి నూనె తీశాక గట్టిగా చెక్క మిగిలేది కదా, దాన్ని నానబెట్టి, తవుడు కలిపి గుమ్మడికి పెట్టేది.

"తిను నాయనా, మేం తినేది కాదుగా," అనేది.

గుమ్మడు తిన్నాడు. తిని తిని ఒళ్లంతా నున్నగా, మెత్తగా అయ్యాడు.

ఒకరోజు మేతకి వెళ్లిన గుమ్మడికి పులి ఎదురైంది. తొడ మీద వేలితో నొక్కి చూసింది. సొట్ట పడింది.

"అల్లుడూ, వెన్నముద్దలా ఉన్నావే. మీవాళ్లంతా ఎండు తోలే. నువ్వేం తింటావురా?"

అబద్ధమాడే తెలివి గుమ్మడికి లేదు.

"చెక్క, మామా."

"చెక్కా?"

"చెక్కే. రెండుపూటలా."

పులి పక్కనున్న మద్దిచెట్టు వైపు తిరిగి, దాన్ని కిందినుంచి పైదాకా చూసింది. 'అది కాదు మామా' అందామని గుమ్మడు నోరు తెరిచాడు. ఒక్క క్షణం ఆలోచించి మూసేశాడు.

"నిన్ను తింటే రెండ్రోజులు," అంది పులి. "అడవిలో దుప్పులన్నిటికీ చెక్క పెడితే ఏడాదంతా మెత్తటి తిండే. పోరా, బతికిపో."

గుమ్మడు వెనక్కి చూడకుండా గానుగ దాకా పరిగెత్తాడు.

పులి మద్దిచెక్క పీకి దుప్పుల దారిలో పెట్టింది. ముసలి దుప్పి వాగు అవతలే నిలబడింది.

"ముందు నువ్వు తిని చూపించు మామా."

పులి కొరికింది. మూతి వంకర పోయింది.

"ఇది కాదు కాబోలు. వేరే చెట్టుది అయ్యుంటుంది."

తునికిచెట్టు గీరింది. చేదు. ఏగిసచెట్టు గీరింది. వగరు. పోయి గుమ్మణ్ణే అడుగుదామా అనుకుంది. పులి అయ్యుండి దున్నపోతుని అడగడమా, పరువు పోదూ.

అప్పటినుంచే పులి కనబడిన చెట్టునల్లా గోళ్లతో గీరి, వాసన చూసి, ఇంకో చెట్టు దగ్గరికి పోతుంది. దున్నలూ గేదెలూ మాత్రం ఆ గుట్టు దాచుకుని, ఏమడిగినా బదులు చెప్పవు. ముందర మేత లేకపోయినా సరే, నోరు మూసుకుని నములుతూ కూర్చుంటాయి.